కోటమ్మ కొట్లో రెండో స్టిక్కరు

రవణమ్మ మిరపకోత నుంచి వచ్చేసరికి పొద్దు గూకింది. చేతులు మండుతున్నాయి. కాళ్ళు కడుక్కుంది. సంచీ తీసుకుని కోటమ్మ కొట్టుకు బయలుదేరింది.

ఇంట్లో కందిపప్పు అయిపోయింది. నూనె అడుగంటింది. చేతిలో పైసా లేదు. అయినా రవణమ్మకు దిగులు లేదు. గుంటూరులో పనిచేసే కొడుకు ఆ ఉదయమే ఫోనులో వెయ్యి రూపాయలు పంపాడు.

కోటమ్మది చిల్లర కొట్టు. భర్త పోయాక పొదుపు సంఘంలో అప్పు తీసుకుని పెట్టింది. నెలనెలా వాయిదా కట్టాలి. కొట్టు ముందు పందిరి గుంజ ఉంది. గుంజకు ఒక అట్ట వేలాడుతూ ఉంటుంది. ఆ అట్ట మీద నలుపు తెలుపు గళ్ళ బొమ్మ ఉంటుంది. ఊళ్ళో అందరూ దాన్ని స్కానర్ అంటారు. దాని అసలు పేరు క్యూఆర్ కోడ్.

“వదినా, అరకిలో కందిపప్పు, ఒక నూనె ప్యాకెట్టు, పావుకిలో చింతపండు, రెండు బట్టల సబ్బులు ఇవ్వు.”

కోటమ్మ సరుకులు కట్టింది. కాగితం మీద లెక్క వేసింది.

“మూడొందల నలభై అయింది రవణమ్మా.”

రవణమ్మ ఫోను తీసి బొమ్మకు ఎదురుగా పెట్టింది. 340 అని కొట్టింది. పిన్ను నొక్కింది. పచ్చగుర్తు వచ్చింది.

“వెళ్ళింది వదినా.”

“సరే. చీకటి పడింది, జాగ్రత్తగా పో.”

రవణమ్మ నాలుగు అడుగులు వేసి ఆగింది.

“మాట్లాడే డబ్బా పలకలేదే?”

“దాని చార్జింగు తీగ పాడైంది. తెమ్మని మా బాబుకు చెప్పాను. వాడికి తీరితేగా!”

డబ్బు పడితే ఆ డబ్బా ఎంత పడిందో పైకి చెబుతుంది. ఆ రోజు చెప్పలేదు. ఇద్దరూ దాన్ని పట్టించుకోలేదు.

అది శనివారం.

మంగళవారం సంఘానికి వాయిదా కట్టాలి. కోటమ్మ డబ్బు తీద్దామని బ్యాంకుకు వెళ్ళింది. పాసుపుస్తకంలో లెక్క వేయించింది. శుక్రవారం దాకా డబ్బు పడింది. శనివారం నుంచి ఒక్క రూపాయి పడలేదు.

కోటమ్మకు నోట మాట రాలేదు. ఇంటికి వచ్చి తన పద్దుపుస్తకం తీసింది. ఆమెకు ఒక మంచి అలవాటు ఉంది. ఫోనులో డబ్బు ఇచ్చిన వాళ్ళ పేర్లు కూడా పద్దులో రాసుకుంటుంది. శనివారం నుంచి తొమ్మిదిమంది ఫోనులో ఇచ్చారు. మొత్తం 2,860 రూపాయలు. ఆమెకు ఆ నెల వాయిదాలో అది సగానికి పైనే.

ఆ తొమ్మిదిమందిలో మొదటి పేరు రవణమ్మ.

మాటా మాటా పెరిగింది

“రవణమ్మా, నీ మూడొందల నలభై నాకు పడలేదు.”

“అదేంటి వదినా! నీ ముందే కదా కొట్టాను. పచ్చగుర్తు చూపించాను కూడా.”

“పచ్చగుర్తు నేనూ చూశాను. డబ్బే చూడలేదు.”

“అంటే నేను అబద్ధం ఆడుతున్నానా?”

“అలా నేను అన్నానా?”

“అనకపోతే ఏం? నలుగురిలో వచ్చి అడిగావు. అన్నట్టే కదా.”

వీధిలో జనం పోగయ్యారు. రవణమ్మ ఏనాడూ ఎవరికీ పైసా ఎగ్గొట్టలేదు. అప్పు తెస్తే చెప్పిన రోజుకు ఇచ్చేది. ఆ మాట ఆమెకు ముల్లులా గుచ్చుకుంది. విసవిసా లోపలికి వెళ్ళి ఫోను తెచ్చింది. పాత లెక్కలు తెరిచింది.

శనివారం. సాయంత్రం 6 గంటల 52 నిమిషాలు. 340 రూపాయలు. డబ్బు వెళ్ళినట్టే ఉంది.

వెళ్ళింది సరే. ఎవరికి వెళ్ళింది?

340 అంకె పక్కన ఒక పేరు ఉంది. అది ఇంగ్లీషు అక్షరాల్లో ఉంది. రవణమ్మ రాత్రిబడిలో తెలుగు నేర్చుకుంది. ఇప్పుడు బస్సు బోర్డు చదువుతుంది. రేషను కార్డు చదువుతుంది. ఇంగ్లీషు రాదు. కానీ అక్షరాన్ని ఎలా చూడాలో ఆమె కంటికి తెలుసు. ‘ప’కూ ‘వ’కూ తేడా పట్టడానికి ఆమె ఎన్ని రాత్రులు కూర్చుందో ఆమెకే తెలుసు.

“వదినా, నీ పాసుపుస్తకం ఇటు తే. దాని మీద నీ పేరు ఎలా ఉందో చూద్దాం.”

ఇద్దరూ అరుగు మీద కూర్చున్నారు. ఒక చేతిలో ఫోను. ఒక చేతిలో పాసుపుస్తకం. కోపం ఇంకా తగ్గలేదు. కానీ తలలు రెండూ దగ్గరకు వచ్చాయి.

పాసుపుస్తకంలో కోటమ్మ పేరు మొదటి అక్షరం నిలువు కర్రలా ఉంది. ఆ కర్రకు కుడిపక్క రెండు కొమ్మలు చీలాయి. రెండోది సున్నా. మూడోది గుంజ మీద అడ్డదూలం పెట్టినట్టు ఉంది.

ఫోనులో పేరు మొదటి అక్షరం అలా లేదు. మెలిక తిరిగిన పాములా ఉంది. రెండోది సున్నా కాదు. మూడోది గుంజ కాదు.

“వదినా, ఇది నీ పేరు కాదు!”

కోటమ్మ లేచి పందిరి గుంజ దగ్గరకు పరుగెత్తింది. అట్టను తడిమింది. ఒక మూల మందంగా తగిలింది. గోటితో గీకింది. పైన ఉన్న స్టిక్కరు లేచింది. కింద ఇంకో స్టిక్కరు ఉంది. అదే కోటమ్మది.

ఎవరో కోటమ్మ బొమ్మ మీద తమ బొమ్మ అంటించారు. అట్ట రాత్రీ పగలూ బయటే ఉంటుంది. కొట్టు మూశాక చీకట్లో వచ్చి అంటించి పోవడానికి ఎంతసేపు పడుతుంది? చిటికెలో పని. ఆ తరువాత మూడు రోజులు సరుకు కోటమ్మది, డబ్బు దొంగది.

గళ్ళ బొమ్మలో ఏముంది?

కోటమ్మ, రవణమ్మ పాఠం కోసం చెప్పుకున్న మనుషులు. కానీ ఇలాంటి మోసం నిజంగానే జరిగింది. మధ్యప్రదేశ్‌లో ఖజురహో అనే ఊరు ఉంది. పాత గుళ్ళకు పేరుపొందిన ఊరు. 2025 జనవరిలో అక్కడ కొన్ని దుకాణాల బయట ఉన్న స్కానర్ల మీద దొంగలు రాత్రిపూట తమ స్టిక్కర్లు అంటించారు. పెట్రోలు బంకును కూడా వదల్లేదు. డబ్బు కట్టేటప్పుడు ఫోనులో వేరే పేరు రావడంతో మోసం బయటపడింది.

అసలు ఈ గళ్ళ బొమ్మ ఏమిటి? దీన్ని 1994లో జపాన్‌లో తయారుచేశారు. కార్ల సామాన్ల లెక్క చూసుకోవడానికి డెన్సో వేవ్ అనే కంపెనీ దీన్ని కనిపెట్టింది. మన దేశంలో 2016లో యూపీఐ మొదలైంది. యూపీఐ అంటే ఫోను ద్వారా ఒక బ్యాంకు ఖాతా నుంచి ఇంకో ఖాతాకు డబ్బు పంపే ఏర్పాటు. ఫోన్‌పే, గూగుల్ పే, పేటీఎం, భీమ్ ఇవన్నీ దాని మీదే నడుస్తాయి. ఆ తరువాతే ఈ బొమ్మ టీ బడ్డీ దాకా, కూరగాయల గంప దాకా వచ్చింది.

ఈ బొమ్మ కవరు మీద రాసిన అడ్రసు లాంటిది. ఉత్తరాన్ని పోస్టుమాను ఎక్కడ ఇస్తాడు? కవరు మీద ఏ అడ్రసు ఉంటే అక్కడ ఇస్తాడు. మీ మనసులో ఎవరున్నారో అతనికి తెలియదు. ఫోను కూడా అంతే. బొమ్మలో ఎవరి ఖాతా ఉంటే వాళ్ళకు డబ్బు చేరుస్తుంది. బొమ్మ ఎవరి గుంజకు వేలాడుతోందో దానికి పట్టదు.

ఈ గళ్ళను మనిషి కంటితో చూసి చదవలేడు. చదువు రాని వాళ్ళే కాదు, కాలేజీలో పాఠాలు చెప్పేవాళ్ళు కూడా చదవలేరు. ఈ బొమ్మ ముందు అందరమూ నిరక్షరాస్యులమే. కోటమ్మ బొమ్మకూ దొంగ బొమ్మకూ తేడా చూపులో తెలియదు.

మరి తేడా ఎక్కడ తెలుస్తుంది? బొమ్మను ఫోను చదివాక తెర మీద పేరు వస్తుంది. డబ్బు ఎంత అని అడిగే చోటే ఆ పేరు ఉంటుంది. డబ్బు అప్పటికి ఇంకా మీ ఖాతాలోనే ఉంటుంది. పిన్ను నొక్కితేనే గడప దాటుతుంది. పేరు రావడానికీ పిన్ను నొక్కడానికీ మధ్య కొంచెం సమయం ఉంటుంది. ఆ సమయం మీ చేతిలో ఉంటుంది. రవణమ్మ ఆ రోజు అక్కడ ఆగలేదు. తొమ్మిదిమందిలో ఒక్కరూ ఆగలేదు.

ఇప్పుడు ఆ పేరు చూడటం మునుపటి కంటే బాగా పనికొస్తుంది. యూపీఐని నడిపే సంస్థ పేరు నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్. డబ్బు పంపేముందు తెర మీద బ్యాంకు లెక్కల్లో ఉన్న పేరే చూపించాలని ఆ సంస్థ 2025లో నియమం పెట్టింది. ఇష్టం వచ్చిన ముద్దుపేరు చూపించకూడదన్న మాట.

దీనివల్ల ఒక చిక్కు కూడా ఉంది. కొట్టు బోర్డు మీద ఒక పేరు, ఫోనులో ఒక పేరు రావచ్చు. బోర్డు మీద ‘శ్రీలక్ష్మి కిరాణా’ అని ఉంటుంది. ఫోనులో యజమాని పేరు వస్తుంది. కూరగాయలు అమ్మే ముసలమ్మ స్కానరు ఆమె అల్లుడి పేరు మీద ఉంటుంది. అలా వచ్చినంత మాత్రాన మోసం కాదు. అడగాలి.

“అవ్వా, ఎవరి పేరు రావాలి?”

“మా అల్లుడిదమ్మా, వెంకటేశ్వర్లు అని వస్తుంది.”

అంతే. అడగడానికి మొహమాటం ఎందుకు? తక్కెడ ముల్లు సరిగ్గా ఉందో లేదో చూస్తాం కదా. చిల్లర లెక్కపెట్టుకుంటాం కదా. ఇదీ అంతే.

పేరు ఇంగ్లీషులో ఉంటుంది, ఎలా చదవాలి అని మీరు అడగవచ్చు. మీ ఫోనులోని యాప్‌ను తెలుగులోకి మార్చుకోవచ్చు. ‘పంపు’, ‘చెల్లించు’ లాంటి మాటలు తెలుగులో వస్తాయి. కానీ మనుషుల పేర్లు చాలాసార్లు ఇంగ్లీషు అక్షరాల్లోనే ఉంటాయి. అలాంటప్పుడు పిన్ను నొక్కకముందే తెరను కొట్టువాళ్ళకు చూపించండి. “ఈ పేరు నీదేనా, చూసి చెప్పు” అనండి. వాళ్ళ పేరు వాళ్ళు గుర్తుపడతారు. కానీ ఫోను మీ చేతిలోనే ఉండాలి. పిన్ను మీరే, ఇతరులకు కనపడకుండా నొక్కాలి. “నేను కొట్టిస్తాలే పిన్నీ” అని ఎంత మంచి కుర్రాడు అడిగినా ఫోను ఇవ్వకండి.

కొందరి ఫోన్లలో చిన్న మొత్తాలకు పిన్ను అడగని పద్ధతి పెట్టి ఉంటుంది. దాన్ని యూపీఐ లైట్ అంటారు. అలాంటి ఫోనులో ఆపే చోటు ఇంకా చిన్నది. పేరు చూడటం ఇంకా ముఖ్యం.

రెండో దెబ్బ తప్పింది

మళ్ళీ కోటమ్మ అరుగు మీదకు వద్దాం.

కోటమ్మ కొడుకు ఇంటరు చదువుతున్నాడు. జరిగింది విని వాడికి తల్లి మీద జాలి, తన మీద కోపం వచ్చాయి. చార్జింగు తీగ తేనిది వాడే కదా. వెంటనే ఫోనులో వెతికి ఒక సాయం చేసే నంబరు పట్టుకున్నాడు. చేశాడు. అవతల మనిషి చాలా మర్యాదగా మాట్లాడాడు. తెలుగులోనే మాట్లాడాడు.

“అమ్మగారికి ఎంత పోయింది? 2,860 నా? బాధపడకండి. మీ డబ్బు వెనక్కి పంపిస్తున్నాం. మీకు ఒక స్కానర్ పంపుతాను. దాన్ని స్కాన్ చేసి, 2,860 కొట్టి, అమ్మగారి పిన్ను నొక్కండి. డబ్బు పడిపోతుంది.”

వాట్సాప్‌లో గళ్ళ బొమ్మ వచ్చింది. కుర్రవాడు దాన్ని తల్లి ఫోనులో పెట్టాడు. కోటమ్మ కళ్ళు తుడుచుకుని పిన్ను నొక్కబోయింది.

“ఆగు వదినా!” అంది రవణమ్మ.

“ఏం?”

“వాళ్ళు మనకు ఇచ్చేదానికి మన పిన్ను ఎందుకు? మొన్న నా కొడుకు వెయ్యి పంపాడు. నేను మిరపతోటలో ఉన్నాను. ఫోను ఇంట్లో ఉంది. నేనేం నొక్కలేదు. అయినా పడ్డాయి కదా.”

అరుగు మీద అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

ఫోనులో అవతలి మనిషి గొంతు మారింది. “త్వరగా చేయండి, టైము అయిపోతుంది” అని తొందర పెట్టాడు. కోటమ్మ ఫోను కట్టేసింది.

రవణమ్మ చెప్పిందే అసలు సంగతి. పిన్ను మన పెట్టె తాళంచెవి. మన పెట్టెలోంచి తీసేటప్పుడే దానితో పని. ఎవరైనా మనకు పంపేటప్పుడు మనం పిన్ను నొక్కనక్కరలేదు. బొమ్మను స్కాన్ చేయనక్కరలేదు. “డబ్బు రావాలంటే స్కాన్ చెయ్యి, పిన్ను నొక్కు” అని ఎవరు చెప్పినా అది మోసమే. బ్యాంకు పేరు చెప్పినా, పోలీసు పేరు చెప్పినా, సర్కారు పథకం డబ్బు అని చెప్పినా మోసమే.

ఫోనులో వెతికితే దొరికే నంబర్లన్నీ నిజం కావు. దొంగలు కూడా బ్యాంకుల పేరు పెట్టి తమ నంబర్లు రాసి పెడతారు. బ్యాంకు నంబరు కావాలంటే పాసుపుస్తకం మీద చూడండి. ఏటీఎం కార్డు వెనుక చూడండి. లేదా బ్యాంకుకు వెళ్ళి అడగండి.

1930

“పోలీసులకు చెప్పాలి” అంది పక్కింటి పేరమ్మ. “కానీ ఇంత చిన్న డబ్బుకు మన మాట ఎవరు వింటారు?”

వినడానికి ఒక నంబరు ఉంది. 1930. దేశమంతటికీ అదే నంబరు. ఫోను ద్వారా, ఇంటర్నెట్ ద్వారా డబ్బు పోతే ఈ నంబరుకు చేయాలి. సైబర్ క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ అనే ప్రభుత్వ వెబ్‌సైటులో కూడా ఫిర్యాదు రాయవచ్చు. వంద పోయినా చెప్పవచ్చు, లక్ష పోయినా చెప్పవచ్చు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. నష్టపోయింది కోటమ్మ. కానీ డబ్బు వెళ్ళింది రవణమ్మ ఖాతా నుంచి. కోటమ్మ ఖాతాలోకి ఆ డబ్బు రానేలేదు. కాబట్టి రవణమ్మ కూడా ఫిర్యాదు చేయాలి. మిగతా ఎనిమిదిమందీ చేయాలి. ఎవరి ఖాతా నుంచి డబ్బు పోయిందో వాళ్ళ దగ్గరే ఆనవాలు ఉంటుంది.

ఆ ఆనవాలు 12 అంకెల నంబరు. డబ్బు పంపిన ప్రతిసారీ ఒక నంబరు పడుతుంది. పాత లెక్కలు తెరిచి, ఆ లెక్క మీద వేలు పెడితే కనిపిస్తుంది. రవణమ్మ దాన్ని పలక మీద రాసుకుంది. తేదీ, గంట, 340 రూపాయలు, తన బ్యాంకు పేరు, తన ఫోను నంబరు కూడా రాసుకుంది. అప్పుడు 1930కు చేసింది. లైను దొరకడానికి కొంతసేపు పట్టింది. విసుగు వచ్చినా పెట్టెయ్యలేదు. అడిగినవన్నీ పలక చూసి చెప్పింది. ఫిర్యాదు నంబరు మెసేజీగా వచ్చింది. దాన్ని కూడా రాసుకుంది.

తరువాత తన బ్యాంకుకు వెళ్ళి అదే సంగతి చెప్పింది. కోటమ్మ పోలీసు స్టేషనులో కాగితం ఇచ్చింది. పీకిన స్టిక్కరును పారెయ్యలేదు. కవరులో పెట్టి ఇచ్చింది.

ఫిర్యాదు అందితే దొంగ ఖాతాలో మిగిలి ఉన్న డబ్బును బ్యాంకు ఆపగలదు. దొంగ తీసేసుకున్న డబ్బును ఆపలేదు. అందుకే గంట గంటకూ తేడా ఉంటుంది. డబ్బు పోయిన గంటలో చెబితే దొరికే వీలు ఎక్కువ. కోటమ్మ వాళ్ళకు మూడు రోజులు దాటింది. దొంగ ఖాతాలో మిగిలిన కొంత ఆపామని కబురు వచ్చింది. అది ఎప్పుడు చేతికి వస్తుందో ఇంకా తేలలేదు.

నష్టం ఎవరిది?

బుధవారం రాత్రి సంఘం కూర్చుంది. తొమ్మిదిమందీ వచ్చారు. కోటమ్మ ఒక మూల కూర్చుంది.

“మేం డబ్బు ఇచ్చాం. ఆమెకు అందలేదు. దానికి మేమేం చేస్తాం?” అంది ఒకామె.

“ఆమె పెట్టిన అట్టకే కదా పంపాం. అట్టను చూసుకోవలసింది కొట్టామె” అంది ఇంకొకామె.

కోటమ్మ తల ఎత్తింది.

“నిజమే. అట్టను నేను చూసుకోలేదు. డబ్బా పలకకపోయినా ఊరుకున్నాను. కానీ దొంగ పేరు పడింది మీ ఫోన్లలో. నా ఫోనులో పడలేదు. మీలో ఒక్కరు పేరు చూసి చెప్పినా మిగతా ఎనిమిదిమంది డబ్బు నిలిచేది.”

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. రెండు మాటలూ నిజమే.

రవణమ్మ కొంగు ముడి విప్పింది. నూటడెబ్బై రూపాయలు తీసి చాప మీద పెట్టింది.

“సగం నాది. సగం నీది. పోలీసుల దగ్గర నుంచి డబ్బు వస్తే అప్పుడు లెక్క చూసుకుందాం వదినా.”

ఇంకో అయిదుగురు అలాగే ఇస్తామన్నారు. ముగ్గురు ఒప్పుకోలేదు. వాళ్ళను తప్పు పట్టడానికి లేదు. వాళ్ళ ఖాతాలోంచి డబ్బు ఒకసారి పోనే పోయింది. కూలి చేసుకునే వాళ్ళకు ఒకే సరుకుకు రెండుసార్లు ఇవ్వడం మాటలు కాదు. వాయిదా కట్టడానికి సంఘం కోటమ్మకు ఇంకో నెల గడువు ఇచ్చింది.

కొట్లో ఇప్పుడు

కోటమ్మ అట్టను గుంజ మీద నుంచి తీసేసింది. ఇప్పుడు అది తక్కెడ పక్కన, ఆమె కంటి ముందు ఉంటుంది. రాత్రి గల్లాపెట్టెతోపాటు ఇంట్లోకి తీసుకుపోతుంది. పొద్దున కొట్టు తెరవగానే కొడుకు ఫోను నుంచి ఒక రూపాయి పంపించి చూసుకుంటుంది. డబ్బా “ఒక రూపాయి” అని పలకాలి. పలికితేనే బోణీ. కొత్త తీగ వచ్చింది.

ఇంకో పని కూడా చేసింది. కూతురి గోళ్ళరంగు తీసుకుంది. స్టిక్కరు అంచు మీద నుంచి అట్ట మీదకు నాలుగు వైపులా ఎర్రగీతలు గీసింది. గీతలో సగం స్టిక్కరు మీద, సగం అట్ట మీద ఉంటుంది. పైన ఎవరైనా ఇంకోటి అంటిస్తే గీత తెగిపోయినట్టు కనిపిస్తుంది. ఈ ఉపాయం ఎవరూ చెప్పింది కాదు, ఆమెకే తోచింది.

అట్ట కింద తన పేరు రాసింది. పైన తెలుగులో, కింద ఇంగ్లీషులో. ఇంగ్లీషు అక్షరాలను పాసుపుస్తకం చూసి తనే దిద్దింది. కొంచెం వంకరగా వచ్చాయి. ‘ఈ పేరు వస్తేనే డబ్బు పంపండి’ అని రాసి పెట్టింది.

కొట్టు నడిపే వాళ్ళకు ఇంకో మోసం కూడా ఎదురవుతుంది. మొన్న బండి మీద ఒక కుర్రాడు వచ్చాడు. రెండు నూనె ప్యాకెట్లు, బియ్యం బస్తా తీసుకున్నాడు. ఫోను తిప్పి పచ్చగుర్తు చూపించాడు. డబ్బా పలకలేదు. “నెట్‌వర్క్ లేదు ఆంటీ, తరువాత పడుతుంది” అన్నాడు. పచ్చగుర్తు బొమ్మను ఎవరైనా తయారుచేసుకోవచ్చు. అలా తయారుచేసే దొంగ యాప్‌లు కూడా ఉన్నాయి. కోటమ్మ బస్తా మీద చెయ్యి వేసి కూర్చుంది. “పడేదాకా కూర్చో బాబూ. మంచినీళ్ళు తాగు” అంది. కుర్రాడు బస్తా వదిలేసి వెళ్ళిపోయాడు.

రవణమ్మ శనివారం సాయంత్రం మళ్ళీ వచ్చింది. పప్పు, బెల్లం తీసుకుంది. ఫోను తీసింది. పేరు వచ్చింది. వేలు పిన్ను మీదకు పోకుండా ఆగింది.

“కొమ్మలు చీలిన కర్ర. సున్నా. గుంజ మీద దూలం...” అని వేలితో చూపిస్తూ చదివింది.

“అంతసేపా రవణమ్మా! వెనక జనం ఉన్నారు” అంది కోటమ్మ నవ్వుతూ.

“ఉండనీ వదినా” అంది రవణమ్మ. మిగతా అక్షరాలు కూడా చూసుకుని, పిన్ను నొక్కింది.

డబ్బా పలికింది.

మాట్లాడుకుందాం

కోటమ్మకు సగం డబ్బు ఇవ్వడం న్యాయమేనా? ఒప్పుకోని ముగ్గురి స్థానంలో మీరు ఉంటే ఏం చేసేవారు?

మీరు సరుకులు తెచ్చే కొట్టుకు వెళ్ళండి. అక్కడి స్కానర్ ఎవరి పేరు మీద ఉందో అడగండి. ఆ పేరును తెలుగులో రాయండి. ఇంగ్లీషు అక్షరాలను చూసి దాని కింద దిద్దండి.

మీ ఫోనులో కిందటిసారి డబ్బు పంపిన లెక్క తెరవండి. 12 అంకెల నంబరు ఎక్కడ ఉందో వెతకండి. దొరికితే పక్కన కూర్చున్న వాళ్ళకు కూడా చూపించండి.

1930 అంకెను పెద్దగా రాసి వంటింటి గోడకు అంటించండి.